విండోస్ హోమ్ ఎడిషన్‌లో దాగి ఉన్న అడ్మినిస్ట్రేటర్ ఖాతా: తెరవడం ఎలా, అసలు తెరవాలా?

పేజీకూర్పు_తెనాలి

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో విండోస్ 11 హోమ్ ఎడిషన్ ఉన్న డెస్క్‌టాప్ మీద శుభలేఖలు, కరపత్రాలు, ఒక చిన్న మాసపత్రిక పేజీలు కూరుస్తుంటాను. పాత కంప్యూటర్ నుంచి దీనికి మారినప్పటి నుంచి ఒక చిక్కు వచ్చి పడింది. యూనికోడ్ (అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేతాల పద్ధతి) కాని తెలుగు ఫాంట్లతో టైపు చేయడానికి వాడే కీబోర్డు సాఫ్ట్‌వేర్ వర్డ్‌లో చక్కగా పనిచేస్తోంది గానీ, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ విండోలోకి వెళ్ళేసరికి దానికి ప్రాణం పోయినట్టు ఇంగ్లిషు అక్షరాలే పడుతున్నాయి.

మా ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన వచ్చి చూసి, విండోస్‌లో దాచిపెట్టిన అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి ఉంటుందని, దాన్ని తెరిచి రోజూ అందులోనే పని చేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదని చెప్పి, కమాండ్ ఒకటి కాగితం మీద రాసిచ్చి వెళ్ళారు. దాన్ని టైపు చేస్తే 'సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటోంది. ఒక వీడియోలో చూపినట్టు కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి 'లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్' కోసం వెతికితే ఆ భాగమే నా కంప్యూటర్లో లేదు. సెట్టింగ్స్‌లో మాత్రం నా పేరు కింద 'అడ్మినిస్ట్రేటర్' అనే ఉంది. నేనే అడ్మినిస్ట్రేటర్‌నైతే నాకు అనుమతి లేదనడం ఏమిటి? ఆ దాగిన ఖాతా నా ఖాతా కంటే ఏ విధంగా వేరు?

నల్లతెర

పేజీకూర్పు గారూ, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. విడివిడిగా చెబుతాను.

ఎర్రర్ 5 సంగతి మొదట. విండోస్ విస్టా నుంచి, అంటే 2007 నుంచి, అడ్మినిస్ట్రేటర్ల గుంపులో ఉన్న వ్యక్తి లాగిన్ అయినా అతను తెరిచే ప్రోగ్రాములన్నీ మామూలు వాడుకరి హక్కులతోనే మొదలవుతాయి. పూర్తి హక్కులు కావాలంటే ఆ ప్రోగ్రామును ప్రత్యేకంగా అడిగి తెరవాలి. ఆ అడగడమే తెర మసకబారి 'యెస్', 'నో' అని కనిపించే యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) ప్రశ్న. మీరు కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైపు చేసే విండోను) మామూలుగా తెరిచి ఉంటారు. స్టార్ట్ మెనూలో దాని పేరు వెతికి, మౌస్ కుడి బటన్ నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. సరిగ్గా తెరుచుకుంటే విండో పైపట్టీలో 'అడ్మినిస్ట్రేటర్:' అన్న మాట మొదట కనిపిస్తుంది, లోపల నిలిచే ఫోల్డరు మీ పేరుతో ఉన్నది కాకుండా సిస్టమ్32 అవుతుంది. ఈ రెండు గుర్తులూ చూసుకున్నాకే కమాండ్ ఇవ్వండి.

కమాండ్ ఇది: నెట్ యూజర్ అడ్మినిస్ట్రేటర్ /యాక్టివ్:యెస్. ఈ వేదిక నియమాన్ని బట్టి తెలుగు లిపిలో రాశాను గానీ మీరు ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేయాలి. ఏటవాలు గీతకు ముందు ఒక ఖాళీ ఉండాలి, ఆ తర్వాత చివరిదాకా ఎక్కడా ఖాళీ ఉండకూడదు. మళ్ళీ మూయడానికి చివరి మాట 'నో' అవుతుంది.

లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్, గ్రూప్ పాలసీ ఎడిటర్ రెండూ ప్రో, అంతకు పై ఎడిషన్లలోనే ఉంటాయి. వీడియోలు చేసేవారిలో చాలామంది ఆ ముక్క చెప్పరు. హోమ్ ఎడిషన్‌లో ఖాతా మాత్రం ఉంటుంది, దాన్ని చూపించే ఆ కిటికీ ఉండదు; అందుకే కమాండ్‌ను గానీ పవర్‌షెల్‌ను (ఆదేశాలు ఇచ్చే మరో విండోను) గానీ ఆశ్రయించాలి.

ఇక తేడా. విండోస్ ప్రతి ఖాతానూ లోలోపల ఒక గుర్తింపు సంఖ్యతో చూస్తుంది. దాగి ఉన్న ఆ ఖాతా సంఖ్య ఎప్పుడూ 500తో ముగుస్తుంది. మనం సృష్టించే ఖాతాలకు 1000, ఆపై సంఖ్యలు వస్తాయి. పేరు మార్చినా ఆ 500 మారదు. ఆ ఖాతాతో లాగిన్ అయితే యూఏసీ ప్రశ్నలు రావు, తెరిచిన ప్రతి ప్రోగ్రామూ పూర్తి హక్కులతోనే నడుస్తుంది. ఒక్క 'యెస్' నొక్కే శ్రమ తగ్గుతుందన్నమాట, అందుకు చెల్లించే ధర మాత్రం పెద్దది: మెయిల్లో వచ్చిన పాడు ఫైలు కూడా అదే పూర్తి హక్కుతో, ఎవరినీ అడక్కుండా నడుస్తుంది.

పరికరవైద్యం_ఓరుగల్లు

నల్లతెర గారు చెప్పినది సరైనదే. అయితే ఆ ఖాతా తెరవక ముందే తెనాలి వారిని ఒక మాట అడగాలి. పేజ్‌మేకర్ ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ చూడండి. 'రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్' దగ్గర టిక్కు పెట్టి ఉందా? ఉంటే మీ చిక్కుకు మూలం అక్కడే ఉంది.

పేజీకూర్పు_తెనాలి

ఉందండీ. ఇన్‌స్టాల్ చేసిన రోజునే పెట్టారు. అది లేకపోతే పేజ్‌మేకర్‌లో మనం మార్చుకున్న ప్రిఫరెన్సులు నిలవడం లేదని చెప్పారు. కానీ దానికీ టైపింగుకూ సంబంధం ఏమిటో అర్థం కాలేదు.

పరికరవైద్యం_ఓరుగల్లు

సంబంధం ఉంది, డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) చేసేవారిలో చాలామందిని వేధించే సంగతి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

విస్టా నుంచే విండోస్‌లో ఇంకొక కట్టడి వచ్చింది. తక్కువ హక్కులతో నడుస్తున్న ప్రోగ్రాము, ఎక్కువ హక్కులతో నడుస్తున్న ప్రోగ్రాము విండోలోకి మీటల నొక్కుళ్ళను పంపలేదు, అక్కడ నొక్కుతున్న మీటలను పట్టుకోనూ లేదు. ఏదో దొంగ ప్రోగ్రాము మామూలు హక్కులతో దూరి, పక్కనే పూర్తి హక్కులతో తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌లో తానే టైపు చేసేయకుండా పెట్టిన అడ్డు ఇది. మీ తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ పనిచేసే పద్ధతి ఏమిటి? మీరు నొక్కిన ఇంగ్లిషు మీటను మధ్యలో పట్టుకుని, దాని బదులు ఫాంటులోని తెలుగు ముక్కను పంపడం. అది మామూలు హక్కులతో నడుస్తోంది, పేజ్‌మేకర్ పూర్తి హక్కులతో నడుస్తోంది. వర్డ్ కూడా మామూలు హక్కులతోనే ఉంది కాబట్టి అక్కడ తెలుగు పడుతోంది, పేజ్‌మేకర్ దగ్గర అడ్డు తగులుతోంది.

కళ్ళారా చూడాలంటే టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్ భాగానికి వెళ్ళండి. నిలువు వరుసల శీర్షిక మీద కుడి క్లిక్ చేసి 'సెలెక్ట్ కాలమ్స్'లో 'ఎలివేటెడ్' అన్నదాన్ని చేర్చండి. పేజ్‌మేకర్ ఎదురుగా 'యెస్' అనీ, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఎదురుగా 'నో' అనీ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

మీ ఊరాయన చెప్పిన ఉపాయం పనిచేస్తుంది, కాదనను. దాగిన ఖాతాలో అన్నీ పూర్తి హక్కులతోనే నడుస్తాయి కనుక రెండు ప్రోగ్రాములూ ఒకే మెట్టు మీద ఉంటాయి, తెలుగు పడుతుంది. కానీ అదే పని ఇంతకంటే చిన్న మార్పుతో అవుతుంది. పేజ్‌మేకర్ దగ్గర ఆ టిక్కు తీసేయండి. ప్రిఫరెన్సులు నిలవకపోవడానికి కారణం, ఆ కాలపు ప్రోగ్రాములు తమ సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని తమ సొంత ఫోల్డరులోనే రాసుకోవాలని చూడడం. మామూలు హక్కులకు అక్కడ రాసే అనుమతి ఉండదు. కాబట్టి ఆ ఒక్క ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్ళి, ఎడిట్ నొక్కి, యూజర్స్ అన్న గుంపుకు 'మాడిఫై' అనుమతి ఇవ్వండి. ప్రోగ్రామ్ ఫైల్స్ మొత్తానికి ఇవ్వకండి, ఆ ఒక్క ఫోల్డరుకే ఇవ్వండి.

పాతకాపు_ఎక్స్‌పీ

ఈ చర్చ చూస్తుంటే నెట్ సెంటర్ల రోజులు గుర్తుకొస్తున్నాయి. విస్టాకు ముందటి విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో వెల్‌కమ్ తెర దగ్గర కంట్రోల్, ఆల్ట్, డిలీట్ రెండుసార్లు నొక్కితే పేరు, పాస్‌వర్డు అడిగే పాత పెట్టె వచ్చేది, అందులో అడ్మినిస్ట్రేటర్ అని టైపు చేసి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం. ఎక్స్‌పీ హోమ్‌లోనైతే ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్ స్థితిలోకి) వెళ్తే తప్ప ఆ ఖాతా కనిపించేది కాదు, కనిపించాక దానికి పాస్‌వర్డే ఉండేది కాదు. ఇంటింటా ఉన్న కంప్యూటర్లో అంత తెరిచిన తలుపు ఉందని సగం మందికి తెలియదు. విస్టాలో ఆ ఖాతాను పుట్టుకతోనే నిద్రపుచ్చడానికి ఈ అనుభవమే కారణమని నా అభిప్రాయం.

నాకొక సందేహం. ఇప్పుడు దాన్ని తెరిచి పాస్‌వర్డు పెట్టకపోతే ఇంటర్నెట్ నుంచి ఎవరైనా లోపలికి రాగలరా?

నల్లతెర

ఖాళీ పాస్‌వర్డు ఉన్న ఖాతాతో కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కావచ్చు గానీ, నెట్‌వర్కు ద్వారా గానీ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా గానీ రావడాన్ని విండోస్ మొదటి నుంచీ ఉన్న సెట్టింగుతోనే అడ్డుకుంటుంది. కనుక మీరు భయపడిన రూపంలో ప్రమాదం లేదు. ప్రమాదం ఇంట్లోనే ఉంది. ల్యాప్‌టాప్ చేతికి దొరికిన పిల్లవాడో అతిథో లాగిన్ తెర మీద 'అడ్మినిస్ట్రేటర్' అన్న పేరు నొక్కితే చాలు, మీ ఫోల్డర్లన్నీ వారి ముందుంటాయి. అందుకని తెరిచిన వెంటనే 'నెట్ యూజర్ అడ్మినిస్ట్రేటర్' అని రాసి, ఒక ఖాళీ వదిలి నక్షత్రపు గుర్తు పెట్టి ఎంటర్ నొక్కండి. పాస్‌వర్డు రెండుసార్లు అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు తెర మీద చుక్కలు కూడా కనిపించవు, మీట పనిచేయడం లేదని కంగారు పడవద్దు.

పాస్‌వర్డు పెట్టాక మాత్రం అది గట్టిదై ఉండాలి, ఎందుకంటే ఖాళీ పాస్‌వర్డుకు ఉన్న ఆ నెట్‌వర్కు అడ్డు అప్పటి నుంచి వర్తించదు. ఊహించి ఊహించి ప్రయత్నించేవారిని ఆపడానికి ఈ ఖాతాను కూడా లాక్ చేసే వీలును మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు అప్‌డేట్లతో ఇచ్చింది. అంతకు ముందు ఎన్నిసార్లు తప్పు కొట్టినా 500 సంఖ్య ఖాతా లాక్ అయ్యేది కాదు.

ప్రవాసి_డాలస్

ఇక్కడే నా సమస్య కూడా రాయవచ్చునని అనుకుంటున్నాను. విజయవాడలో మా అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకే ఖాతా. బంధువుల అబ్బాయి ఎవరో 'వైరస్ రాకుండా' అని దాన్ని స్టాండర్డ్ (అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని) ఖాతాగా మార్చి, తాను తయారుచేసుకున్న మరో ఖాతాను తర్వాత తొలగించాడట. ఇప్పుడు ప్రింటర్ డ్రైవర్ వేద్దామన్నా యూఏసీ పెట్టె వస్తుంది, అందులో 'యెస్' బటన్ పనిచేయదు, 'నో' ఒక్కటే మిగిలింది. నేను ఇక్కడి నుంచి క్విక్ అసిస్ట్‌తో (దూరం నుంచి వారి తెర చూసి సాయం చేసే ప్రోగ్రాముతో) చూద్దామంటే ఆ పెట్టె వచ్చిన క్షణంలో నాకు తెర కనిపించకుండా పోతోంది. నాన్నగారికి ఫోన్లో చెబుతూ రికవరీ తెర నుంచి కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి పైన చెప్పిన కమాండే ఇప్పించాను. విజయవంతంగా పూర్తయిందని వచ్చింది. రీస్టార్ట్ చేస్తే ఏ మార్పూ లేదు.

పరికరవైద్యం_ఓరుగల్లు

డాలస్ గారూ, ఇది అసలు ఆ ఖాతా ఉన్నదే దేనికో ఆ సందర్భం.

రికవరీ తెరలోని కమాండ్ ప్రాంప్ట్ మీ నాన్నగారి విండోస్‌లో నడవదు. అది ఎక్స్ డ్రైవ్ పేరుతో మెమరీలో తాత్కాలికంగా లేచిన మరో చిన్న విండోస్. దానికి సొంత ఖాతాల పట్టిక ఉంటుంది. మీరు ఇచ్చిన కమాండ్ ఆ చిన్న విండోస్‌లోని అడ్మినిస్ట్రేటర్‌ను తెరిచింది, రీస్టార్ట్‌తో ఆ చిన్న విండోస్‌తో పాటే అదీ పోయింది. వీడియోలు చూసి ఈ వలలో పడినవారు ఎందరో నా దగ్గరికి వస్తుంటారు.

చేయవలసింది సేఫ్ మోడ్‌కు వెళ్ళడం. కంప్యూటర్లో పనిచేసే అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇంకొకటి ఉంటే సేఫ్ మోడ్‌లో కూడా దాగిన ఖాతా లోపలికి రానివ్వదు. చివరి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కూడా పోయినప్పుడు మాత్రం, నిద్రలో ఉన్న ఆ ఖాతాతో సేఫ్ మోడ్‌లో లాగిన్ కావడానికి విండోస్ ఒప్పుకుంటుంది. మీ ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. లాగిన్ తెర మీద షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కమనండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ అడ్మినిస్ట్రేటర్ పేరు కనిపిస్తే లోపలికి వెళ్ళి, కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్ తెరిచి నాన్నగారి ఖాతా రకాన్ని మళ్ళీ అడ్మినిస్ట్రేటర్‌గా మార్చాలి. అంతే, ఆ ఖాతాలో ఇంకేమీ చేయనక్కర్లేదు.

అయితే ఫోన్ పట్టుకునే ముందు ఒక జాగ్రత్త తీసుకోండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హోమ్ ఎడిషన్ అయినా డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేని రూపంలో) ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి తెరలలోకి వెళ్ళినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. నాన్నగారు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతున్నట్టయితే అది ఆ ఖాతా వెబ్‌సైటులో డివైజెస్ భాగంలో ఉంటుంది. మీరు ముందే తీసి, ఆరేసి అంకెల చొప్పున రాసి పెట్టుకోండి. పెద్దవారికి అర్ధరాత్రి ఫోన్లో 48 అంకెలు చదివి వినిపించడం ఎంత కష్టమో ఊహించుకోగలరు.

కొత్తగా_చేరాను

నేను పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. అమ్మినవారి ఖాతాకు పాస్‌వర్డు ఉంది, వారు ఫోన్ ఎత్తడం లేదు. లాగిన్ కాకుండానే ఈ ఖాతాను తెరిచే ఉపాయం ఉందని విన్నాను. దయచేసి చెప్పగలరా?

వేదిక_నిర్వహణ

లాగిన్ తెరను దాటేసే ఉపాయాలను ఈ వేదికలో రాయనివ్వము. డాలస్ సభ్యుల విషయంలో కంప్యూటర్ యజమానులే ఎదురుగా ఉన్నారు, వారి ఖాతాలోకి వారు వెళ్ళగలుగుతున్నారు, విండోస్ తానే ఇచ్చిన దారిని వాడుతున్నారు కనుక ఆ చర్చకు అభ్యంతరం లేదు. మీ విషయంలో ఆ పాత ఖాతా మీకు అక్కర్లేనిది. వేరొకరి ఫోటోలు, పత్రాలు అందులో ఉండవచ్చు. పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టలేషన్ మీడియా తయారుచేసి, డిస్కు మొత్తం చెరిపి కొత్తగా వేసుకోండి. ఆ కంప్యూటర్లో విండోస్ ముందే యాక్టివేట్ అయి ఉంటే, అదే ఎడిషన్ మళ్ళీ వేసి నెట్‌కు కలిపినప్పుడు సాధారణంగా తానే యాక్టివేట్ అవుతుంది.

ఉబుంటు_ఇల్లు

లినక్స్ వాడేవారికి ఇదంతా పరిచితమైన కథే. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో రూట్ (అన్ని హక్కులూ ఉన్న) ఖాతా ఉంటుంది, దానికి పాస్‌వర్డు ఉండదు, లాగిన్‌కు తాళం వేసి ఉంటుంది. అవసరమైన ఒక్క పనికి మాత్రం సుడో అని ముందు రాసి హక్కు తెచ్చుకుంటాము. మ్యాక్‌లోనూ రూట్ ఖాతా మూసే ఉంటుంది. విండోస్ వాడుకరులే యూఏసీ ప్రశ్నను వేధింపుగా చూసి, దాన్ని వదిలించుకోవడానికి 500 సంఖ్య ఖాతాను వెతుక్కుంటూ వెళ్తున్నారు.

నల్లతెర

కొందరు వేధింపు వల్ల కాదు, ఒక ఆశతో వెళ్తున్నారు. సిస్టమ్ ఫైలు ఏదో తొలగించబోతే 'ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనుమతి కావాలి' అని వస్తుంది, దాగిన ఖాతాలోకి వెళ్తే తొలగించవచ్చుననుకుంటారు. ఆ ఫైళ్ళకు యజమాని ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే సర్వీసు, అడ్మినిస్ట్రేటర్ కాదు. కాబట్టి అక్కడికి వెళ్ళినా అదే సందేశం ఎదురవుతుంది. విండోస్ ఆ ఫైలును మీ నుంచి కాపాడుతోందంటే తొంభై పాళ్ళు మీరు దాన్ని తొలగించనక్కర్లేదు.

పేజీకూర్పు_తెనాలి

ఓరుగల్లు గారికి ధన్యవాదాలు. టాస్క్ మేనేజర్‌లో మీరు చెప్పిన వరుస చేర్చి చూస్తే అచ్చంగా పేజ్‌మేకర్‌కు 'యెస్', కీబోర్డు సాఫ్ట్‌వేర్‌కు 'నో' కనిపించాయి. టిక్కు తీసి, ఆ ఒక్క ఫోల్డరుకు మాడిఫై అనుమతి ఇచ్చాను. ఇప్పుడు పేజ్‌మేకర్‌లో తెలుగు పడుతోంది, ప్రిఫరెన్సులు కూడా నిలుస్తున్నాయి.

అయితే మీ జవాబు రాకముందే నల్లతెర గారి కమాండ్ ఇచ్చి ఆ ఖాతాను ఒకసారి తెరిచి చూశాను. డెస్క్‌టాప్ అంతా ఖాళీగా ఉంది. అంతకంటే ఆశ్చర్యం, నేను వేసుకున్న తెలుగు ఫాంట్లలో కొన్ని ఆ ఖాతాలో కనిపించనే లేదు. నా ఖాతాకు తిరిగి వస్తే అన్నీ ఉన్నాయి. ఒకే కంప్యూటర్లో ఫాంట్లు ఒక ఖాతాలో ఉండి మరో ఖాతాలో లేకపోవడం ఎలా సాధ్యం?

పరికరవైద్యం_ఓరుగల్లు

డెస్క్‌టాప్ ఖాళీగా ఉండడం సహజం. అది వేరే ఖాతా కనుక యూజర్స్ ఫోల్డరులో దానికి సొంత డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, బ్రౌజర్ పాస్‌వర్డులు వేరుగా ఏర్పడతాయి. మీవేమీ పోలేదు, సీ డ్రైవ్‌లో మీ పేరు మీద భద్రంగా ఉన్నాయి.

ఫాంట్ల విషయం విండోస్ 10 మలి వెర్షన్ల నుంచి వచ్చిన మార్పు. ఫాంటు ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే 'ఇన్‌స్టాల్', 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అని రెండు మాటలు కనిపిస్తాయి. మొదటిది నొక్కితే ఫాంటు మీ ఒక్క ఖాతాకే, మీ యాప్‌డేటా ఫోల్డరులోకి వెళ్తుంది. రెండోది నొక్కితేనే విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్‌లోకి వెళ్ళి అందరికీ అందుతుంది. పాత ప్రోగ్రాములు కొన్ని ఆ మొదటి చోట ఉన్న ఫాంట్లను గుర్తించవు కూడా. పత్రిక పని చేసేవారు ఎప్పుడూ రెండోదే ఎంచుకోవడం మేలు. మీరు ఆ ఖాతాకు మారిపోయి ఉంటే తర్వాతి సంచిక పేజీలు తెరిచినప్పుడు ఫాంట్లు దొరక్క అక్షరాలన్నీ చెల్లాచెదురై కనిపించేవి, అప్పుడు మరో కారణం వెతుక్కునేవారు.

ప్రవాసి_డాలస్

సేఫ్ మోడ్‌లో అడ్మినిస్ట్రేటర్ పేరు కనిపించింది. రికవరీ కీ అడిగింది, ముందే రాసి పెట్టుకోబట్టి సరిపోయింది. నాన్నగారి ఖాతా మళ్ళీ అడ్మినిస్ట్రేటర్ అయింది, ప్రింటర్ కూడా వచ్చింది. ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఆ దాగిన ఖాతాను శాశ్వతంగా తెరిచి ఉంచడం మంచిదా?

నల్లతెర

అక్కర్లేదు. అత్యవసరానికి తలుపు కావాలంటే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్ దగ్గర మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపడని మరో ఖాతా తయారుచేసి, దాని రకాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, గట్టి పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును కాగితం మీద రాసి బీరువాలో ఉంచమనండి. అది కూడా అడ్మినిస్ట్రేటర్ ఖాతాయే గానీ యూఏసీ కట్టడిలో ఉంటుంది. నిజానికి రోజూ వాడే ఖాతాను స్టాండర్డ్‌గా ఉంచి, ఇలాంటిది పక్కన పెట్టుకోవడమే సరైన అమరిక. మీ బంధువుల అబ్బాయి సగం పని సరిగ్గానే చేశాడు, తన ఖాతాను తొలగించకుండా ఉండవలసింది.

ఆ రెండో ఖాతా నుంచి నాన్నగారి లోకల్ ఖాతా పాస్‌వర్డును రీసెట్ చేయవలసి వస్తే మాత్రం ఆలోచించి చేయండి. అలా బయటి నుంచి మార్చినప్పుడు ఆ ఖాతాలో విండోస్ దాచిన పాస్‌వర్డులు, విండోస్ సొంత పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ళు అందకుండా పోవచ్చు. పాత పాస్‌వర్డు తెలిసి తానే మార్చుకుంటే ఆ నష్టం ఉండదు.

తెనాలి వారు ఆ ఖాతాను మూసినట్టు రాయలేదు. పూర్తి హక్కులతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో చివర 'నో' పెట్టి మూసేశాక, 'నెట్ యూజర్ అడ్మినిస్ట్రేటర్' అని మాత్రమే టైపు చేసి ఎంటర్ నొక్కండి. వచ్చే వివరాల్లో 'అకౌంట్ యాక్టివ్' అన్న వరుస ఎదురుగా ఏముందో చూసి ఇక్కడ రాయండి.

పేజీకూర్పు_తెనాలి

'నో' అని చూపిస్తోంది. ఫాంట్లన్నీ అందరు వాడుకరులకూ అందేలా మళ్ళీ వేస్తున్నాను. అది పూర్తి కాగానే ఈ అంశాన్ని పరిష్కృతమని గుర్తించగలరు.